గుమ్మం ముందరి అందం



సెలవు రోజుల్లో పట్టిసీమ రేవుకు వచ్చేవారిని కాసేపు గమనిస్తే ఒక సంగతి కనబడుతుంది. ఏటి మధ్యనున్న కొండను, దానిమీది గుడిని, చుట్టూ పరచుకొన్న ఇసుక తిన్నెలను చూడటానికి వారు ఎక్కడెక్కడినుండో వస్తారు. వచ్చీ రాగానే ఆ దృశ్యానికి వీపు పెట్టి నిలబడతారు. చేయి చాచి, సెల్‌ఫోను ఎత్తి పట్టుకొని, పది ఫొటోలు తీసుకొంటారు. ఆ ఫొటోలు బాగా వచ్చాయో లేదో చూచుకొంటూ వెళ్ళిపోతారు. గోదావరి మాత్రం వారి వెనుక పారుతూనే ఉంటుంది.

వారిని తప్పు పట్టడానికి ఇది వ్రాయటం లేదు. దూరంనుండి వచ్చినవారి సంతోషం వారిది. మమ్మును ఆలోచింపజేసినది ఇక్కడే పుట్టి పెరిగినవారి మాట. మా సంఘములోని యౌవనస్థులను ఒకసారి, "మీ ఊళ్ళో ఫొటో తీయదగినవి ఏమున్నాయి?" అని అడిగాము. "ఏమున్నాయండి అయ్యగారూ, కొండ ఒక్కటే గదా. అది అందరూ తీసేశారు" అన్నారు. వారు నవ్వుతూనే అన్నారు గాని, ఆ జవాబు మనలో చాలామందిదే. మన ఊరు, మన వీధి, మన వంటిల్లు చూడదగినవని మనకు తోచదు. ఈ నెల దీనిని గురించి మీతో కొంత మాట్లాడదలచాము.

అసలు ఫొటో అనేది ఎక్కడ మొదలైనదో చూడండి. ఫ్రాన్సు దేశంలో నిసెఫోర్ నియెప్స్ అనే ఆయన 1826-27 ప్రాంతంలో ఒక లోహపు పలకకు తారువంటి పదార్థం పూసి, దానిని పెట్టెలో అమర్చి, తన ఇంటి మేడ కిటికీలో పెట్టాడు. గంటల తరబడి వెలుగు దానిమీద పని చేసిన తరువాత ఒక బొమ్మ నిలిచింది. కెమెరాతో తీసిన దృశ్యాలలో నేటికీ మిగిలియున్నవాటిలో అదే మొట్టమొదటిది. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో దానిని భద్రపరచారు. అందులో రాజూ లేడు, కోటా లేదు. ఆయన ప్రతి దినమూ కిటికీలోనుండి చూచే ఇంటి కప్పులు, పావురాల గూడు, పెరడు మాత్రమే ఉన్నాయి.

ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844లో ఫొటోలతో కూడిన పుస్తకాన్ని భాగాలుగా ప్రచురించటం మొదలుపెట్టాడు. అమ్మకానికి వచ్చిన అటువంటి పుస్తకాలలో అదే మొదటిది. అందులో బాగా పేరుపొందిన ఫొటో ఏదనుకొన్నారు? సగం తెరచియున్న తలుపు, గుమ్మానికి ఆనించిన చీపురు, ప్రక్కన తగిలించిన లాంతరు, గుఱ్ఱపు కళ్ళెం! చుట్టాలు వస్తున్నారంటే మనము మొట్టమొదట తలుపు వెనుకకు నెట్టేది చీపురునే. దానిని చూచి ఆగిన కన్ను టాల్బట్‌ది. చీపురు నీడ గుమ్మంమీద ఏటవాలుగా పడటంలో ఉన్న అందం ఆయనకు కనబడింది.

ఇటువంటి చూపు మన కళ్ళకు అలవాటు కాకపోవటానికి ఒక కారణం ఉన్నది. చాలాకాలం కెమెరా మన ఇండ్లలో ఖర్చుతో కూడిన వస్తువు. అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ 1888లో కోడక్ కెమెరాను అమ్మకానికి తెచ్చినప్పుడు అందులో నూరు ఫొటోలకు సరిపడే రీలు పెట్టి ఇచ్చేవాడు. అన్నీ తీసిన తరువాత కెమెరాను కంపెనీకే పంపితే వారు ఫొటోలు కడిగి, కొత్త రీలు వేసి తిరిగి పంపేవారు. 1900లో ఆ కంపెనీయే బ్రౌనీ కెమెరాను ఒక్క డాలరుకు అమ్మింది. అక్కడి పిల్లలు సైతం దానితో ఫొటోలు తీశారు. మన దేశంలో మాత్రం ఆ చవక చాలా ఆలస్యంగా వచ్చింది. ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా గల ఇల్లు మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఒక్క రీలుకు పన్నెండే ఫొటోలు. తరువాత వచ్చిన చిన్న రీళ్ళకు ముప్పది ఆరు. రీలుకు డబ్బు, కడగటానికి డబ్బు, అచ్చు వేయటానికి డబ్బు. కనుక ఆ పన్నెండూ పెండ్లికో, పేరు పెట్టే కూడికకో, క్రిస్మసుకో దాచుకొనేవారు. అందరూ కొత్త బట్టలు కట్టుకొని, వరుసగా నిలబడి, ఊపిరి బిగపట్టేవారు. ఇంటి అరుగును, పెరటిలోని బావి గిలకను ఫొటో తీస్తామంటే, "రీలు దండగ" అని పెద్దలు కోప్పడేవారు. అది న్యాయమైన కోపమే.

ఇప్పుడు ఆ ఖర్చు పోయింది. 1975లో కోడక్ కంపెనీలోనే స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు రీలు లేని కెమెరాను తయారుచేశాడు. ఒక్క బొమ్మ నమోదు కావటానికి ఇరువదిమూడు సెకండ్లు పట్టేది. అక్కడినుండి బయలుదేరిన విద్య నేడు కూలికి వెళ్ళే సహోదరుని చొక్కా జేబులోనికి వచ్చింది. వేయి ఫొటోలు తీసినా రీలుకు పైసా ఇవ్వనక్కరలేదు. అయినా పాత అలవాటు మనలను వదలలేదు. ఇప్పటికీ మనము తీసేది కార్యక్రమాలనే, కొత్త బట్టలనే, మన ముఖాలనే.

దీనివలన ఏమి నష్టం అని మీరు అడుగవచ్చు. కాపరిగా మాకు తరచుగా ఎదురయ్యే ఒక సంగతి చెబుతాము. సంఘములో ఎవరైనా పెద్దలు నిద్రించినప్పుడు, భూస్థాపన ఆరాధనకు ఫ్లెక్సీ వేయించటానికి ఫొటో కావలసి వస్తుంది. దుఃఖంలో ఉన్న పిల్లలు ఫోన్లు తీసి వెదకుతారు. ఒక్కొక్క ఫోనులో వేల ఫొటోలు. అమ్మ ఫొటో మాత్రం దొరకదు. చివరికి ఆధారు కార్డుమీదిదో, ఎవరి పెండ్లిలోనో వెనుక వరుసలో సగం తల కనబడేదో తెచ్చి పెద్దది చేయిస్తారు. నలభై ఏండ్లు ఆ పొయ్యి ముందు కూర్చున్న తల్లి, పొయ్యి ముందు కూర్చున్నట్టుగా ఒక్క ఫొటోలోనూ ఉండదు. అల్లుడు వచ్చిన రోజున ఆమె వంట చేస్తూనే ఉన్నది. ఫొటో తీస్తున్నప్పుడు, "నేనెందుకురా, చీర మాసింది" అని ప్రక్కకు తప్పుకొన్నది. ఆ మాసిన చీరతోనే గదా పిల్లలు ఆమెను జ్ఞాపకం ఉంచుకొనేది!

ఈ సంగతి మన ప్రాంతానికి మరింత దగ్గరిది. పట్టిసీమకు కొద్దిపాటి దూరంలో, ఏటికి ఎగువన, పోలవరం ఆనకట్ట పని సాగుతున్నది. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే నూటయాభై అడుగులు. ఆ మట్టానికి లోబడిన ఊళ్ళనుండి సుమారు లక్ష కుటుంబాలు కదలవలసి ఉన్నదని లెక్క. కొందరు ఇప్పటికే కాలనీలకు చేరారు. ప్రాజెక్టువలన కలిగే మేలును గురించి, పరిహారాన్ని గురించి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. మేము ఇక్కడ చెప్పేది ఒక గోడను గురించి.

అటువంటి ఒక కాలనీలో ఒక మామ్మగారిని పలకరించటానికి వెళ్ళాము. ఆమె ఒక ఫొటో తెచ్చి చూపించారు. మనుమడు ఏడాది బిడ్డగా ఉన్నప్పుడు తీసినది. "బాబు బాగున్నాడమ్మా" అన్నాము. "బాబు కాదండి అయ్యగారూ, వాడు ఎదరే ఉన్నాడుగా. ఈ వెనకాల చూడండి" అన్నారామె. బిడ్డ వెనుక రెండు మూరల మట్టిగోడ, దానికి తగిలించిన చేట, క్రింద రోలు అంచు కనబడుతున్నాయి. "ఇది మా ఇల్లండి. ఈ గోడ నేనే అలికాను. ఇంకెక్కడా లేదండి, ఇంతే ఉంది" అన్నారు. ఆ ఫొటో తీసినవారు గోడను తీయాలనుకోలేదు. అది పొరబాటున పడింది. ఆ పొరబాటే ఆ కుటుంబానికి తమ ఊరినుండి మిగిలిన ఆస్తి అయింది.

మన ఊరు మునిగేది కాకపోవచ్చు. కాని పెంకుటిల్లు పడగొట్టి మేడ కట్టుకొంటాము. పిల్లలు ఎదిగి హైదరాబాదు వెళ్తారు. తాటిచెట్టు కొట్టేస్తారు. పెద్దలు వెళ్ళిపోతారు. ప్రతిదినం చూచేవే ఒకనాడు చూద్దామన్నా దొరకనివి అవుతాయి. కాబట్టి అవి మన ఎదుట ఉండగానే వాటిని చూడటం నేర్చుకోవాలి. ఆ నేర్చుకోవటానికి జేబులోని కెమెరా మంచి సాధనం అని మా అభిప్రాయం.

చూడటం నేర్చుకొనవచ్చునా అంటే, మన గోదావరి తీరమే సాక్ష్యం. 1910వ దశకంలో రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాల్‌గా ఉండేవాడు. ఆయన స్వయంగా చిత్రకారుడు. ఈ ప్రాంతపు ప్రకృతిని, జనజీవనాన్ని ప్రేమించి, తరువాత 1924లో దక్షిణ భారతదేశపు అనుభవాలతో ఒక పుస్తకం ప్రచురించాడు. మన కుఱ్ఱవాళ్ళలో దామెర్ల రామారావు అనే యువకుని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించినవాడు ఆయనే. అడివి బాపిరాజు కూడ ఆయన శిష్యుడే. రామారావు బొంబాయిలో చదువుకొని, తిరిగి రాజమండ్రి వచ్చి, గోదావరిని, కొండలను, మన ప్రాంతపు స్త్రీలను చిత్రించి, ఇతరులకు నేర్పించాడు. 1925లో, ఇరువది ఎనిమిదవ ఏట, మశూచి సోకి మరణించాడు. ఆయన చిత్రాలు నేటికీ రాజమండ్రిలో ఆయన పేరిట గల చిత్రశాలలో ఉన్నాయి. రాజమండ్రి వెళ్ళినప్పుడు పిల్లలను తీసుకొని వెళ్ళి చూపించండి. మన ఏరు, మన కడవ, మన చీర కట్టు గోడమీద ఉండదగినవని వారికి తెలుస్తుంది.

ఇక, మనవంటి సామాన్యులు ఏమి చేయాలో చెప్పుకొందాము. దీనికి పెద్ద కెమెరా అక్కరలేదు, శిక్షణా అక్కరలేదు.

మొదట వేళను గమనించండి. మన పట్టిసీమ గట్టున నిలబడితే ఉదయపు సూర్యుడు ఏటికి అవతలి వైపునుండి లేస్తాడు. సూర్యుడు క్రిందుగా ఉన్నప్పుడు ఆ వెలుగు ఎక్కువ గాలిపొరను దాటి రావాలి. దారిలో నీలిరంగు చెదరిపోయి, ఎఱ్ఱని, పచ్చని వెలుగు మన దగ్గరకు చేరుతుంది. నీడలు పొడుగవుతాయి. మధ్యాహ్నం తెల్లగా చదునుగా కనబడే ఇసుకమీద ఆ వేళ ప్రతి అడుగు జాడా విడిగా తెలుస్తుంది. సూర్యునికి ఎదురుగా తీస్తే పడవ, గెడ, పడవవాడు నల్లని బొమ్మలుగా వస్తారు. సాయంకాలం సూర్యుడు మన వెనుకకు వస్తాడు. అదే పడవ అప్పుడు రంగుతో కనబడుతుంది. ఒకే చోట రెండు వేళల్లో నిలబడి తీసి చూడండి.

కాలం మారినప్పుడూ గమనించండి. వరద రోజుల్లో ఏరు ఎఱ్ఱమట్టి రంగులో ఉరుకుతుంది. శీతకాలంలో అదే నీరు తేటపడి, తెల్లవారుజామున మంచు క్రింద కొండ కనబడీ కనబడక ఉంటుంది. వేసవిలో ఇసుక తిన్నెలు పెరిగి ఏరు సన్నబడుతుంది. ఏటి ఒడ్డున కాపురముండే మనకు ఇవి అలవాటే. అలవాటు కావటంవలననే ఏ మార్పు ఎప్పుడు వచ్చిందో చెప్పలేకపోతున్నాము.

అందమంటే కొండ, ఏరు మాత్రమే అనుకోకండి. 2015లో మన ఊరి దగ్గర ఎత్తిపోతల పథకం వచ్చింది. ఇరువది నాలుగు పంపులు గోదావరి నీటిని ఎత్తి కుడి కాలువలో పోస్తే అది కృష్ణా నదివరకు వెళ్తుంది. కాలువ గట్టున సైకిలు ఆపి నీళ్ళను చూచే తాతగారి ముఖం కూడ ఒక దృశ్యమే. ఉతికి ఆరవేసిన వలలు, గోడకు కొట్టిన పిడకలమీది వేళ్ళ గుర్తులు, పొగాకు బ్యారన్ దగ్గర ఆకు గుచ్చే చేతులు, సండే స్కూలు గుమ్మం బయట విడిచిన చిన్న చిన్న చెప్పులు, వర్షం వెలిసిన తరువాత తాటాకు చూరునుండి జారే చినుకు – వీటికి ఎవరూ టిక్కెట్టు పెట్టలేదు.

మనుషులను తీసేటప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టకండి. కళ్ళ క్రింద నీడ పడుతుంది. అరుగుమీద, గుమ్మం దగ్గర, కిటికీ ప్రక్కన కూర్చోబెట్టండి. ప్రక్కనుండి వచ్చే మెత్తని వెలుగులో ముడుతలు కూడ అందంగా ఉంటాయి. వేళ్ళతో తెరను సాగదీసే బదులు నాలుగడుగులు దగ్గరకు నడవండి. చిన్నపిల్లలను తీయాలంటే మోకాళ్ళమీద కూర్చోండి. తీసే ముందు ఫోను అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడవండి. వంటింటిలో తిరిగిన ఫోను మసకగా చూపితే తప్పు వెలుగుది కాదు.

అయితే కెమెరా ఉన్నది గదా అని అన్నీ మనవి కావు. రేవులో స్నానం చేసేవారిని, దుఃఖంలో ఉన్నవారిని, అడగకుండా ఎవరినీ తీయరాదు. పేదవాని గుడిసె మనకు బొమ్మ కావచ్చు, అతనికి అది బాధ. ముందు పలకరించండి, అనుమతి అడగండి, తీసిన తరువాత చూపించండి. వీలైతే ఒకటి అచ్చు వేయించి ఇవ్వండి. పడవ అంచున నిలబడి, వరద నీటిలో దిగి ఫొటోలు తీసుకొనే సాహసం అసలే వద్దు. గోదావరి ఎవరినీ మన్నించదు.

మరొక మాట. తీసిన ఫొటో ఫోనులోనే ఉంటే అది మన దగ్గర ఉన్నట్టు కాదు. ఫోను నీళ్ళలో పడితే, దొంగిలింపబడితే అన్నీ పోతాయి. ఏడాదికి ఒక పది ఫొటోలైనా స్టూడియోలో అచ్చు వేయించండి. వెనుక ఎవరు, ఏ ఊరు, ఏ తారీఖు అని బాల్‌పెన్నుతో మెల్లగా వ్రాయండి. పేరు వ్రాయని ఫొటో రెండు తరాల తరువాత పరాయివారిదవుతుంది. పాత ఆల్బములు తెరిచి, "ఈయన ఎవరో తెలియదు" అని మనమే ఎన్నిసార్లు అనలేదు?

సృష్టికర్త తాను చేసినదానిని ఆగి చూచి, బాగున్నదని తలంచినట్లు మనము లేఖనములలో చదువుతాము. పని చేయటమే గాక, ఆగి చూడటం కూడ ఆ దినములలో భాగమే. మనము పని చేస్తాము గాని ఆగము. ఫొటో తీయాలంటే కనీసం ఒక్క నిమిషం కదలకుండా నిలబడాలి. ఆ నిమిషంలో కోడలు గిన్నె తోమే చప్పుడు వినబడుతుంది, ముగ్గు మీద వాలిన పిచ్చుక కనబడుతుంది. ఆ తరువాత ఫొటో సరిగా రాకపోయినా ఫరవాలేదు.

ఈ నెలలో మీరు చేయదగిన పని ఒకటి చెబుతాము. మీ గుమ్మంనుండి నూరు అడుగుల లోపల, రోజుకు ఒక్క ఫొటో, ముప్పది రోజులు తీయండి. పన్నెండు ఫొటోల రీలు ఉన్న రోజుల్లోవలె ఆలోచించి, రోజుకు ఒక్కటే. మొదటి వారం సులభంగా ఉంటుంది. రెండవ వారంలో ఇక ఏమీ లేదనిపిస్తుంది. అసలు చూడటం మొదలయ్యేది అప్పుడే. ఆ ముప్పదిలో ఒకటి మాత్రం అమ్మదో, అత్తగారిదో, ఇంట్లో ఎప్పుడూ ఫొటోలు తీస్తూ తాను మాత్రం పడని వారిదో కావాలి. చీర మార్చుకోనివ్వకండి. పొయ్యి దగ్గరో, కూరలు తరుగుతూనో, ఆమె ఉన్నట్టుగానే తీయండి. "నేనెందుకురా" అంటే, "నీవు కావాలి గనుక" అని చెప్పండి. ఆ మాట ఫొటోకంటే ముందుగా ఆమెకు చేరుతుంది.

వచ్చే నెల మరల కలుసుకొందాము.